సగం చూపు

(తెల్ల కర్ర దినం సందర్భంగా అక్టోబరు 15న ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగువారి సభలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన అమ్మలకు నమస్కారం.

ఇందాక నన్ను వేదిక మీదికి తీసుకువచ్చిన అమ్మాయి నా చేయి పట్టుకుని లాగలేదు. తన మోచేయి నాకు అందించి, “ఇంకో మెట్టు ఉంది టీచర్, ఇదే ఆఖరుది” అని చెబుతూ నడిచింది. తల్లీ, నువ్వు ఎక్కడ కూర్చున్నావో గాని, నీకు ప్రత్యేకంగా నమస్కారం. చాలామంది జబ్బ పట్టుకుని ముందుకు తోస్తారు. ప్రేమతోనే తోస్తారు. కానీ తోసినప్పుడు కాలికింద ఏముందో మాకు తెలియదు.

నా చేతిలో ఈ కాగితం ఉంది. దీని మీద నేను రాసుకున్న చిన్న అక్షరాలు నాకు కనిపిస్తున్నాయి. ముందు వరుసలో నాకు ఎదురుగా కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు కనిపిస్తోంది. ఆయనకు అటు పక్కన, ఇటు పక్కన ఎవరు ఉన్నారో కనిపించడం లేదు. ఈ బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టామని చెప్పారు. అది ఎక్కడ ఉందో చేత్తో తడుముకుంటే తప్ప తెలియదు. ఇవన్నీ ఒకే మనిషికి, ఒకే సమయంలో, ఒకే జత కళ్ళతో జరుగుతాయి. ఈ మాట నమ్మించడానికే నా జీవితంలో సగం ఖర్చయిపోయింది. ఈరోజు మాట్లాడాలనుకున్నదీ అదే.

మీ అందరి చేతుల్లో ఆహ్వాన పత్రిక ఉంటుంది. దాన్ని సన్నని గొట్టంలా చుట్టి ఒక కంటికి పెట్టుకోండి. రెండో కన్ను మూసుకోండి. ఇప్పుడు నన్ను చూడండి. నా ముఖం బాగానే కనిపిస్తుంది. అలాగే ఉండి మీ చెప్పులు ఎక్కడ విడిచారో వెతకండి. పక్కవాళ్ళు మీ వైపు చేయి చాపితే అందుకోండి. పత్రిక తీసేయగానే లోకం మళ్ళీ వెడల్పవుతుంది. నాది తీయడానికి రాని గొట్టం.

దీని పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. ఆర్‌పీ అంటారు. ప్రపంచం మొత్తం మీద సుమారు 4,000 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. కంటి వెనుక గోడకు రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. అందులో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. దండ కణాలు ఒక్కో కంటిలో దాదాపు 12 కోట్లు ఉంటాయి. మసక వెలుతురులో చూపు, పక్కల చూపు వీటి పని. శంకు కణాలు 60 లక్షల వరకు ఉంటాయి. రంగులు, చదువు, ఎదుటివారి ముఖం వీటి పని. నా జబ్బులో ముందు దండ కణాలు చనిపోతాయి. అందుకే మొదట రాత్రి పోతుంది. తరువాత అంచులు పోతాయి. మధ్యలో చిన్న కిటికీ లాంటిది చాలా ఏళ్ళు మిగిలి ఉంటుంది. కొందరికి అదీ పోతుంది. ఎంత కాలానికి పోతుందో ఇంట్లో అన్నదమ్ముల మధ్యనే తేడా ఉంటుంది.

నేను పుట్టింది 1979లో, ఈ ఊళ్ళోనే. అప్పటికి మనది గంజాం జిల్లా. గజపతి జిల్లా 1992లో వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నౌపడ నుంచి వచ్చే చిన్న రైలు సాయంత్రం కూత వేస్తే మా వీధి పిల్లలందరూ పట్టాల దగ్గరకు పరుగెత్తేవారు. నాకు మాత్రం ఆ కూత ఇంట్లోకి వెళ్ళిపొమ్మనే గంట. ఆ తరువాత పావుగంటలో వీధి నా చుట్టూ మాయమైపోయేది. మిగతా పిల్లలకు అలా జరగదని నాకు తెలియదు. చీకటి పడితే అందరికీ అంతేననుకున్నాను. చిన్నపిల్లలు తమకు ఏం కనిపించడం లేదో చెప్పలేరు. కనిపించనిది ఉందని తెలిస్తే కదా చెప్పడానికి!

నాకు ఏడేళ్ళప్పుడు రథయాత్రకు వెళ్ళాం. పొద్దు వాలింది. జనం తోసుకుంటున్నారు. అమ్మ కొంగు గట్టిగా పట్టుకుని నడుస్తున్నాను. కాసేపటికి పైనుంచి ఒడియాలో ఎవరో, “ఎవరి పిల్లవమ్మా నువ్వు?” అన్నారు. పట్టుకున్నది వేరే ఆవిడ కొంగు. ఎప్పుడు మారిందో తెలియదు. నేను ఏడవలేదు. ఆ కొంగు కూడా వదిలేస్తే ఇంకేమీ ఉండదని పట్టుకునే ఉన్నాను. అమ్మ వెతుక్కుంటూ వచ్చేదాకా ఆ తల్లి కూడా కదలకుండా నిలబడింది. ఆమె ముఖం నేను చూడలేదు. చీర కొంగు అంచు గరుకుగా ఉండేది, ఇప్పటికీ వేలికొసలకు గుర్తుంది.

ఆ రాత్రి నుంచి ఇంట్లో వైద్యం మొదలైంది. రేచీకటి అన్నారు. మునగాకు, బొప్పాయి, మేక కాలేయం, ఎవరో చెప్పిన చుక్కల మందు. ఇక్కడ తల్లులకు ఒక మాట చెప్పాలి. విటమిన్ ఏ లోపం వల్ల వచ్చే రేచీకటి వేరు. అది సరైన సమయంలో విటమిన్ ఇస్తే తగ్గుతుంది, తప్పక ఇప్పించాలి. నాది లోపించిన తిండి వల్ల వచ్చింది కాదు, కాలేయం ఎంత తిన్నా పోయేదీ కాదు. పైగా డాక్టరు చెప్పకుండా విటమిన్ ఏ ఎక్కువగా వాడితే మన కాలేయమే దెబ్బతింటుంది. రెండింటికీ మొదటి లక్షణం ఒకటే కాబట్టి ఏది ఏదో తేల్చవలసింది కంటి డాక్టరే.

తిండితో తగ్గకపోయేసరికి మాటలు మొదలయ్యాయి. కడుపుతో ఉన్నప్పుడు అమ్మ గ్రహణం నాడు బయట తిరిగిందన్నారు. అమ్మ ఆ మాట నమ్మింది. చాలా ఏళ్ళు నమ్మింది. నా కళ్ళ కన్నా ఆ మాటే మా అమ్మను ఎక్కువ బాధపెట్టింది. చదువుకున్నవాళ్ళు కూడా ఆమె ముందు ఆ మాట అన్నారు. అందుకు నాకు ఇప్పటికీ కోపమే.

కానీ ఎవరూ చెప్పకుండానే మా అమ్మ ఒక వైద్యం కనిపెట్టింది. మా పెరట్లో తలుపు దగ్గర మూడు మెట్లు, అక్కడి నుంచి పదిహేను అడుగుల దూరంలో నుయ్యి. నేను ఆ మెట్ల మీద రెండుసార్లు పడ్డాను. మూడోరోజు పొద్దున్న అమ్మ కొబ్బరి చిప్పలో సున్నం కలిపింది. వేలికి గుడ్డ చుట్టుకుని ప్రతి మెట్టు అంచునా నాలుగు వేళ్ళ వెడల్పున సున్నం పూసింది. మధ్యలో పూయలేదు, అంచున మాత్రమే. ఆఖరి మెట్టు నుంచి నూతి గట్టు దాకా నేల మీద పిండి ముగ్గుతో ఒకే ఒక గీత లాగింది. నల్లటి మట్టి మీద తెల్ల గీత. నేను తల వంచుకుని ఆ గీతను చూసుకుంటూ నూతి దగ్గరకు వెళ్ళి, తిరిగి అదే గీత మీద వచ్చాను. వాకిట్లో రోజూ ముగ్గు వేసినట్టే పెరట్లో ఆ గీత వేసేది. పక్కింటి వాళ్ళు “ఇదేం ముగ్గమ్మా?” అని అడిగితే జవాబు చెప్పేది కాదు. అన్నం పళ్ళెం కూడా మార్చింది. స్టీలు కంచంలో తెల్లన్నం నాకు కలిసిపోయేదని విస్తరాకులో పెట్టేది. ఎన్నో ఏళ్ళ తరువాత ఒక నిపుణురాలు నాకు ఇవే సంగతులు చెప్పింది. వస్తువుకూ దాని వెనుక ఉన్నదానికీ రంగు తేడా ఉంటే మిగిలిన చూపు బాగా పనిచేస్తుందట. నేను ఆమెకు మా అమ్మ సున్నం చిప్ప గురించి చెప్పాను.

1994లో నాకు పదిహేనేళ్ళు. నాన్న విశాఖపట్నం తీసుకువెళ్ళారు. ఒక ఆసుపత్రిలో చీకటి గదిలో గడ్డం ఒక ఆసరా మీద ఆనించి కూర్చోబెట్టారు. ఎదురుగా తెల్లటి గిన్నె లాంటి యంత్రం. “మధ్యలో చుక్కనే చూడు. ఎక్కడ వెలుగు కనిపించినా బటన్ నొక్కు” అన్నారు. నొక్కాను, నొక్కాను. తరువాత వెలుగులు ఆగిపోయాయి. యంత్రం చెడిపోయిందేమోనని ఊరికే కూర్చున్నాను. ఎంతసేపటికీ ఎవరూ ఏమీ అనలేదు. చివరకు నేనే, “అయిపోయిందా అండీ?” అని అడిగాను. పరీక్ష చేస్తున్న ఆవిడ గొంతు మారింది. “లేదమ్మా, వెలుగులు వస్తూనే ఉన్నాయి” అంది.

రెండు కళ్ళూ కలిపి మనిషికి సుమారు 180 డిగ్రీల వెడల్పున కనిపిస్తుంది. నాకు ఆరోజుకు మిగిలింది ముప్ఫై లోపు. ఇప్పుడు పది కూడా లేదు.

డాక్టరు నాన్నతో జబ్బు పేరు చెప్పి, మందు లేదని, ఆలస్యం చేయకుండా పెళ్ళి చేసేయమని అన్నారు. నాతో ఏమీ చెప్పలేదు. తిరుగు రైల్లో నాన్న నౌపడ దాకా మాట్లాడలేదు. అక్కడ చిన్న రైలెక్కాక ఒక్క మాట అన్నారు: “ఇంట్లో ఎవరికీ చెప్పకు. అక్క పెళ్ళి కావాలి.” నేను ఒప్పుకున్నాను. ఆ మాట ఆయన ఎంత నలిగి అన్నారో నాకు తెలుసు. కానీ పదిహేనేళ్ళ పిల్లకు తన కళ్ళు ఒక రహస్యమైతే ఆ పిల్ల రోజంతా నటించాలి. కనిపిస్తున్నట్టు నటించాలి. పడితే జారిపడినట్టు చెప్పాలి. వీధిలో ఎవరైనా పలకరించకుండా పోతే గర్వమనుకుంటారని ఎవరు వచ్చినా రాకపోయినా నవ్వుతూ నడవాలి. బడిలో పిల్లలు ఒడియాలో ‘రాతికణా’ అని పిలిచేవారు, రేచీకటిది అని. ఆ పిలుపు నొప్పించేది. కానీ వాళ్ళు అన్నది నిజం. నటన నేర్పింది పెద్దవాళ్ళే.

ఈ జబ్బు నాకు ఎలా వచ్చిందో చెబుతాను. మా అమ్మను పెళ్ళాడింది ఆమె సొంత మేనమామ. మా అమ్మమ్మ నాకు మేనత్త కూడా అవుతుంది. తెలుగు ఇళ్ళల్లో ఇది మనకు వింత కాదు. మా పక్కింటి ఒడియా వాళ్ళకు మాత్రం వింత. వాళ్ళకు మేనమామ కూతురంటే చెల్లెలే. ఈ ఊళ్ళో ఒకే గోడకు అటూ ఇటూ ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి.

మన శరీరంలో దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఇంట్లో రెండు దీపాలు పెట్టినట్టు. ఒకటి ఆరినా రెండోది వెలుగుతుంది, ఇల్లు చీకటి కాదు. ఆ ఇంటివాళ్ళకు ఒకటి ఆరిందన్న సంగతే తెలియదు. మా అమ్మ, నాన్న అలాంటివాళ్ళు. ఇద్దరికీ చూపు చక్కగా ఉంది. ఇద్దరిలోనూ ఒకే దీపం ఆరి ఉంది. అలాంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ రెండు దీపాలూ ఆరినవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. నాకు, మా తమ్ముడికి అలా వచ్చింది. అక్కకు రాలేదు. మేనమామకూ మేనకోడలికీ సగటున నాలుగో వంతు జన్యువులు ఉమ్మడి, మేనబావ మేనమరదళ్ళకు ఎనిమిదో వంతు. అందుకే ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇది మేనరికం లేని ఇళ్ళల్లోనూ వస్తుంది. కొన్ని కుటుంబాల్లో ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. దీనికి కారణమయ్యే జన్యువులు ఇప్పటికి ఎనభైకి పైగా తెలిశాయి. మేనరికం చేసుకున్నవాళ్ళను నిందించడానికి ఇది చెప్పడం లేదు. మా అమ్మానాన్నలు ఒకరినొకరు ఎంతో ప్రేమగా చూసుకున్నారు. ఇకముందు సంబంధం కుదుర్చుకునేవాళ్ళు ఇంట్లో ఇలాంటి చూపు ఎవరికైనా ఉంటే ముందుగా జన్యు సలహా తీసుకోండి. జాతకాలు చూపించుకోవడానికి వెళ్ళే ఓపిక మనకు ఉంది కదా. ఈ సంగతి నేను అమ్మకు చెప్పిన రోజు ఆమెకు అరవై దాటాయి. బొమ్మ గీసి చెప్పాను. చాలాసేపు చూసి, “అయితే గ్రహణం కాదా?” అంది. కాదన్నాను. మళ్ళీ అడిగింది.

ఉద్యోగంలో చేరాక వైకల్య ధ్రువపత్రం కోసం ఒక కార్యాలయానికి వెళ్ళాను. దరఖాస్తు నేనే నింపి, సరిగ్గా గీత మీద సంతకం చేశాను. అక్కడి గుమాస్తా కాగితం చూసి, నన్ను చూసి, “ఇంత చక్కగా రాసుకున్నారు, మీకు కళ్ళు కనిపించవా?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వెనుదిరిగి వస్తూ గుమ్మం పక్కన బకెట్టుకు తగిలి పడ్డాను. అప్పుడు కూడా ఎవరో, “కావాలని పడింది” అన్నారు.

చట్టానికి ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. 1995 నాటి వికలాంగుల చట్టంలోనే చూపు వెడల్పు 20 డిగ్రీలు, అంతకు తక్కువ ఉంటే అంధత్వమని రాసి ఉంది. 2016 చట్టంలో 10 డిగ్రీలకు తక్కువైతే అంధత్వం, 40 నుంచి 10 వరకు అయితే మందదృష్టి. ఎన్ని అక్షరాలు చదవగలరన్నది ఒక కొలత, ఎంత వెడల్పు కనిపిస్తుందన్నది మరో కొలత. రెండింటిలో ఏది తగ్గినా వర్తిస్తుంది. ఈ ఒక్క వాక్యం కార్యాలయాల్లో బల్ల ముందు కూర్చునే ప్రతి ఒక్కరూ చదవాలి. వికలాంగులకు ఇప్పుడు ఇచ్చే యూడీఐడీ అనే గుర్తింపు కార్డు దేశమంతటా చెల్లుతుంది. ఇక్కడ కార్డు తీసుకుని సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే చెల్లదేమోనని భయపడనక్కర లేదు.

మందు లేదని చెప్పారు కదా అని నేను పన్నెండేళ్ళు ఏ డాక్టరు దగ్గరకూ వెళ్ళలేదు. అది నేను చేసిన తప్పు. ఆర్‌పీ ఉన్నవాళ్ళకు చిన్న వయసులోనే శుక్లం రావచ్చు, ఆపరేషన్‌తో కొంత చూపు తిరిగి వస్తుంది. రెటీనా మధ్యలో నీరు చేరవచ్చు, దానికి మందులున్నాయి. కొందరికి పుట్టుకతో చెవుడు కూడా ఉంటుంది, దాన్ని అషర్ సిండ్రోమ్ అంటారు. పిల్లలకు వినికిడి పరీక్ష కూడా చేయించాలి. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు భువనేశ్వర్‌లోనూ విశాఖపట్నంలోనూ ఆసుపత్రులున్నాయి. మిగిలిన చూపును వాడుకోవడం నేర్పే విభాగం అక్కడ ఉంది. 2017 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లక్స్‌టర్నా అనే జన్యు చికిత్సకు అనుమతి ఇచ్చింది. అది ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవారికే. రెండు కళ్ళకు ధర 8,50,000 డాలర్లు పెట్టారు. నా లోపం ఆ జన్యువులో లేదు. అయినా ఏ జన్యువో తెలుసుకుని ఉంచుకోవడం మంచిది, రేపు ఇంకొకదానికి చికిత్స రావచ్చు. మూడు నెలల్లో చూపు తెప్పిస్తామనే ప్రకటనల దగ్గరకు మాత్రం వెళ్ళకండి. మా తమ్ముడు అలా ఒక ఏడాది సంపాదన పోగొట్టుకున్నాడు.

తమ్ముడు నాకన్నా మొండివాడు. మోటారు సైకిల్ నడిపాడు. ఒక సాయంత్రం రోడ్డు మీద పడుకున్న ఆవును గుద్ది కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ తరువాత మా పక్కింటి ఒడియా మౌసా, అంటే బాబాయి వరస ఆయన, వాడిని కొమ్ము పనిలో పెట్టుకున్నారు. మన ఊరి కొమ్ము దువ్వెనలు మీకు చెప్పనక్కర లేదు. కొమ్మును వేడి చేసి చదును చేశాక పళ్ళు కోసి నునుపు పెట్టాలి. చేతికి దగ్గరగా ఉన్న పని, చూపుకు వెడల్పు అక్కర లేదు. ఎక్కడ గరుకు మిగిలిందో వాడి బొటనవేలికి తెలిసినంత మౌసాకు కూడా తెలియదు. ఆ మాట మౌసాయే అంటారు.

ఈ గోడ మీద గిడుగు రామమూర్తి పంతులు గారి పటం ఉందని చెప్పారు. సవరల భాష నేర్చుకోవడానికి ఆయన కొండలకు వెళ్ళి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా సవర భాష పని ఆపలేదు. ఈ ఊళ్ళో ఆ సంగతి ఎంత గర్వంగా చెప్పుకుంటామో మీకు తెలుసు. మా ఇంట్లో నా కళ్ళ సంగతి మాత్రం తలుపులు వేసుకుని చెప్పుకున్నాం. పటం కింద నిలబడినప్పుడల్లా నాకు ఈ తేడా గుర్తొస్తుంది.

కర్ర గురించి చెప్పాలి. 1921లో బ్రిస్టల్ నగరంలో ప్రమాదంలో చూపు పోయిన జేమ్స్ బిగ్స్ అనే ఆయన, వాహనాల వాళ్ళకు కనిపించాలని తన చేతికర్రకు తెల్ల రంగు వేసుకున్నాడని చెబుతారు. నేను కర్ర కొన్నాక మూడేళ్ళు బీరువాలో పెట్టాను. కనిపిస్తోంది కదా, కర్ర పట్టుకుంటే మోసం అంటారేమోనని భయం. మొదటిసారి పట్టుకుని బజారుకు వెళ్ళినరోజు ఎవరూ నన్ను తిట్టలేదు. కూరగాయల గంపను నేను తన్నబోతే ఆ అమ్మి గంప పక్కకు జరిపి, “ఇటు రా అమ్మా” అంది. అంతకు ముందు పదేళ్ళు అదే అమ్మి దగ్గర తిట్లు తిన్నాను. కర్ర నాకు దారి చూపించిన దానికన్నా నన్ను ఊరికి చూపించింది ఎక్కువ.

మూడేళ్ళ క్రితం మా బడిలో ఐదో తరగతి పిల్ల ఒకతె. నల్లబల్ల మీద అక్షరాలన్నీ చదివేది. మెట్లు దిగేటప్పుడు మాత్రం ముందు కాలితో నేలను తడిమేది. ఎండలో నుంచి గదిలోకి వస్తే గుమ్మం దగ్గరే ఆగిపోయేది. వానాకాలం సాయంత్రం బడి వదిలితే స్నేహితురాలి సంచి పట్టుకుని నడిచేది. సంచి ఎందుకు పట్టుకుందో నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. తల్లిని పిలిపించాను. ఆవిడ వెంటనే, “పరధ్యానం టీచర్, తండ్రి కూడా తిడుతుంటాడు” అంది. పరీక్షలో తేలింది ఆర్‌పీయే. ఐదేళ్ళ తమ్ముడికి కూడా చేయించారు, వాడికి లేదు. డాక్టరు చెప్పేటప్పుడు పిల్లను బయట కూర్చోబెట్టబోతే నేను వద్దన్నాను. ఆ పిల్ల అంతా విని, “అయితే నాది పరధ్యానం కాదా?” అని అడిగింది. ఇప్పుడు ఎనిమిదో తరగతి. పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది. కిందటి నెల మేమిద్దరం బడి మెట్ల అంచులకు సున్నం పూశాం. అంచు ఎక్కడ మొదలవుతుందో వేలితో కొలిచి తనే చెప్పింది.

ఉపాధ్యాయులు చాలామంది వచ్చారు కాబట్టి ప్రశ్నలకు సమయం ఇస్తామన్నారు. అడిగేవాళ్ళు దయచేసి చేయి ఎత్తకండి, నాకు కనిపించదు. పేరు చెప్పి అడగండి. గోడల పక్కన కూర్చున్నవాళ్ళు ముందుగా అడగండి.